సాక్ష్యంలో చెప్పని సగం

ఉజ్జీవ సభల్లో వాక్యానికి ముందు సాక్ష్యాలకు కొంచెం సమయం ఇస్తారు. మైకు దగ్గరికి వచ్చినాయన తాగుడు సంగతో, అప్పుల సంగతో, దేవుడే లేడని వాదించిన కాలేజీ రోజుల సంగతో ఎత్తుకుంటాడు. నిద్ర పట్టని రాత్రుళ్ళ గురించి చెప్తాడు. ఆ తర్వాత ఒక ప్రార్థన, ఒక వాక్యం, మోకాళ్ళ మీద కన్నీళ్ళు. ఆనాటి నుంచి గుండెలో సమాధానం. స్తోత్రాలు, చప్పట్లు, తర్వాతి పాట.

ఒకప్పుడు అలా, ఇప్పుడు ఇలా అని చెప్పే ఈ వరస మన ఊళ్ళలో పుట్టింది కాదు. దీని వెనక పదహారు వందల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అవిశ్వాసంలో నలిగి విశ్వాసంలో సేదదీరామని చెప్పిన పెద్దలందరి బతుకులూ వరసపెట్టి చదివితే నాకు ఒకటే అనిపిస్తుంది: వాళ్ళకు దొరికిన విశ్రాంతి నిజమైనదే, కానీ మనం సభల్లో చెప్పుకునేది వాళ్ళ కథలో ముందు సగం మాత్రమే.

మూలానికి వెళితే, కొత్త నిబంధనలో విశ్రాంతి మాట గట్టిగా వినిపించే చోట్లు రెండు. మత్తయి సువార్త 11వ అధ్యాయంలో యేసు బరువులు మోసి అలసినవాళ్ళను తన దగ్గరికి పిలుస్తాడు. పిలిచినవాడు అక్కడితో ఆగడు, ఆ వెంటనే తన కాడి ఎత్తుకోమంటాడు. ఎద్దు మెడ మీద కాడి పెట్టేది పడుకోబెట్టడానికి కాదని మన రైతులకు వేరే చెప్పాలా! రెండోది హెబ్రీయులకు రాసిన పత్రిక 3, 4 అధ్యాయాలు. ఐగుప్తు నుంచి బయల్దేరిన తరం అవిశ్వాసం వల్లే దేవుని విశ్రాంతిలోకి అడుగుపెట్టలేకపోయిందని అక్కడ రాసుంది. ఆ తరం దేవుడు లేడన్నవాళ్ళు కారు. సముద్రం పాయలై దారివ్వడం కళ్ళారా చూశారు, మన్నా తిన్నారు. ఇంతదాకా తెచ్చినవాడు ఇక ముందుకు తీసుకెళ్తాడన్న నమ్మకం మాత్రం పోగొట్టుకున్నారు. కాబట్టి ఈ కథలో అవిశ్వాసి అంటే నాస్తికుడే కానక్కర్లేదు. గుడిలో ముందు వరసలో కూర్చున్నాయన కూడా కావచ్చు.

మొదటి పెద్ద సాక్ష్యం అగస్టీనుది. ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగాస్తెలో 354లో పుట్టాడు. తల్లి మోనికా క్రైస్తవురాలు, కొడుకు కోసం ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థించింది. కొడుకేమో చదువులో మేటి, మాటల్లో దిట్ట. తొమ్మిదేళ్ళు మానీ మతం వెంట తిరిగాడు, అది తేలిపోయాక ఏదీ నమ్మలేని స్థితికి వచ్చాడు. రోము చేరాడు, అక్కణ్నుంచి మిలాను వెళ్ళి అలంకారశాస్త్రం చెప్పే కొలువు సంపాదించాడు. అక్కడ అంబ్రోసు బిషపుగారి ప్రసంగాలు విని బుద్ధికి సందేహాలు తీరినా మనసు లొంగలేదు. పాత అలవాట్లు వదలాలని ఉంది, ఇవాళే వదలాలని లేదు. 386లో ఒకనాడు తోటలో చెట్టు కింద కూలబడి ఏడుస్తుంటే, తీసుకుని చదవమని ఒక పసిగొంతు పాటలా వినబడిందట. పౌలు రోమీయులకు రాసిన పత్రిక తెరిచి కంటబడిన చోట చదివాడు. అంతటితో మనసు కుదుటపడింది. మరుసటి ఏడు ఈస్టరుకు అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు. కొన్ని నెలలకే తల్లి కన్నుమూసింది.

ఇదంతా ఆయన 'కన్ఫెషన్స్'లో ఉంది. మొత్తం పదమూడు భాగాల పుస్తకం, తోట కథ ఎనిమిదో భాగంలో వస్తుంది. ప్రసంగాల్లో దాన్ని ఎత్తుకోనివారు అరుదు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది పదో భాగం. అది రాసేనాటికి ఆయన బిషపు, మారుమనస్సు పొంది పదేళ్ళు దాటింది. అయినా కలల్లో పాత కోరికలు వెంటాడుతున్నాయని ఒప్పుకుంటాడు. గుడిలో కీర్తన వింటుంటే అర్థం మీద కన్నా రాగం మీదికే మనసు పోతోందేమోనని బాధపడతాడు. ఇంట్లో కూర్చుని ఉండగా బల్లి ఈగను పట్టడం చూసి ధ్యానం చెదిరిపోతోందని కూడా రాసుకున్నాడు. అంత పేరున్న బిషపు బల్లి సంగతి దాచుకోలేదు! ఆయన చనిపోయింది 430లో, హిప్పో పట్టణాన్ని వాండలులు ముట్టడించి ఉన్న రోజుల్లో.

ఆ తర్వాత వెయ్యేళ్ళకు అదే అగస్టీను పేరిట నడిచే మఠంలో మార్టిన్ లూథర్ చేరాడు. 1505లో పిడుగు పక్కనే పడితే భయపడి, సన్యాసం పుచ్చుకుంటానని మొక్కుకున్నాడు. మఠంలో ఉపవాసాలూ జాగరణలూ చేశాడు, గంటల తరబడి పాపపుటొప్పుకోలు చెప్పి గురువుకే విసుగు పుట్టించాడు. దేవుడు లేడన్న అనుమానం ఆయనకు కలలో కూడా లేదు. ఉన్నాడు, కోపంగా ఉన్నాడు అన్నదే బాధంతా. చివరికి ఆ రోమా పత్రికలోనే మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్ల అన్న మాట దగ్గర ఆయనకు ఊపిరాడింది. అయితే ఆ తర్వాతా నిరాశ ఆయన్ను వదల్లేదు. 1527లో నెలల తరబడి క్రుంగిపోయాడు. అప్పటికి ఐరోపాలో ఎంతోమంది ఆయన పేరు చెప్పుకుని ధైర్యం తెచ్చుకుంటున్నారు.

పాస్కల్ కథ మరీ చిన్నది. ఈ ఫ్రెంచి గణితవేత్తకు 1654 నవంబరు 23 రాత్రి కలిగిన అనుభవాన్ని కాగితం మీద పెట్టి, కోటు లోపలి గుడ్డలో కుట్టించుకుని తిరిగాడు. బతికుండగా ఎవరికీ చెప్పినట్టు లేదు. 1662లో ఆయన పోయాక నౌకరు చేతికి తగిలింది.

జాన్ వెస్లీది మన సభల్లో బాగా నలిగిన కథ. అప్పటికే ఆయన ఆంగ్లికన్ గురువు, అమెరికాలో సువార్త చెప్పడానికి ఓడెక్కాడు. 1736 జనవరిలో అట్లాంటిక్ తుపానులో తెరచాప చిరిగి నీళ్ళు ఓడలోకి పడుతుంటే ఇంగ్లీషువాళ్ళు గోలపెట్టారు. జర్మనీ నుంచి వస్తున్న మొరేవియను కుటుంబాలు మాత్రం మొదలుపెట్టిన కీర్తన ఆపకుండా పాడుతూనే ఉన్నాయి. మీకు భయం వేయలేదా, కనీసం ఆడవాళ్ళకూ పిల్లలకూ అని తర్వాత అడిగితే, లేదన్నారు. బోధించబోతున్న తనకు లేనిదేదో వీళ్ళకుందని వెస్లీకి అర్థమైంది. జార్జియాలో పని చెడి, తగాదాల పాలై తిరిగొచ్చాడు. 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి అయిష్టంగా వెళ్ళాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. తొమ్మిది కావడానికి పావుగంట ముందు తన గుండె వెచ్చబడినట్టు అనిపించిందని రాసుకున్నాడు.

పౌలు నుంచి అగస్టీనుకు, లూథర్‌కు, వెస్లీకి ఆ ఒక్క ఉత్తరమే చేతులు మారుతూ వచ్చింది. మిగతా సగం కూడా చెప్పుకోవాలి. ఏడాది తిరక్కముందే, 1739 జనవరిలో, తాను క్రైస్తవుణ్ణే కానని వెస్లీ దినచర్యలో రాశాడు. 1766లో, అరవై దాటాక, తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరంలో తనకు దేవుని మీద ప్రేమ ఎన్నడూ లేదేమో అన్నంత దూరం పోయాడు. అందులో కొన్ని ముక్కలు ఇతరులు చదవలేని పొట్టిలిపిలో పెట్టాడు. అయినా గుర్రం మీద ఊరూరా తిరిగి బోధించడం మానలేదు.

లూథర్, వెస్లీ ఇద్దరి వారసులూ తెలుగునేలకు వచ్చారు. లూథరన్ మిషనరీ హెయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. వెస్లీ సంఘం వాళ్ళు నిజాం రాజ్యంలో పని మొదలుపెట్టారు. వాళ్ళలో పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. ఈ మిషన్లేవీ లేని రోజుల్లోనే, 1833లో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌధరి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తన సాక్ష్యాన్ని కీర్తనలుగా కట్టాడు. ఇప్పటికీ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తిరగేస్తే పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి.

అసలు మలుపు ఒంగోలులో వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చేసరికి, తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఎన్నాళ్ళుగానో దేవుణ్ణి వెతుకుతున్నాడు. గురువును ఆశ్రయించి రాజయోగం కూడా నేర్చుకున్నవాడు. మాదిగపల్లెల్లో తత్త్వజిజ్ఞాస లేదనుకునేవాళ్ళు పేరయ్య కథ చదవాలి. ఆయనా ఆయన భార్యా బాప్తిస్మం తీసుకుని ఊరూరా చుట్టాలకు చెప్పుకుంటూ పోయారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మిలానులో, లండన్‌లో విశ్రాంతి అంటే లోలోపలి మాట. ఇక్కడ అది ముందుగా వారానికొక రోజు. ఆ రోజు ఎంత ఖరీదైందో చూడండి. చెప్పులు కుట్టేదీ, బావి దగ్గర మోట తోలు చిరిగితే అతికేదీ, జాతరకు డప్పు కొట్టేదీ, కబురు మోసేదీ మాదిగలే. దానికి బదులు కళ్ళంలో ఇంత గింజ. ఆదివారం రాను అన్న రోజున ఆ గింజకే ఎసరు. కరణాలకూ మోతుబరులకూ ఇది తిరుగుబాటుగానే కనబడింది. బావులు మూసేశారు, దారులు కట్టేశారు, పనులు మాన్పించారు. తరతరాల వెట్టిలో వినని మాట 'ఇవాళ రాను' అన్నది. దాన్ని అనిపించింది ఆరాధన దినం. కాడి దించుకోవడానికి ఇంకో కాడి ఎత్తుకోవడం అంటే ఏమిటో వ్యాఖ్యానాలు చదివినవాళ్ళ కన్నా వీళ్ళకే బాగా తెలిసి ఉంటుంది.

తర్వాత 1876-78 కరవు. బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వే కాంట్రాక్టు క్లౌ తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారని తర్వాత చాలామంది అన్నారు. కరవు పని సాగినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపే ఉంచాడన్న సంగతి వాళ్ళు ఎత్తరు. వానలు పడి, పని అయిపోయి, ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగలని నాడు, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇద్దరిద్దరు బోధకులు నీళ్ళలో నిలబడి, అలిసినప్పుడు ఇంకో జత దిగుతూ, సాయంత్రందాకా ఇచ్చారు.

ఇక్కడా రెండో సగం ఉంది. కొత్త సంఘాల్లోకి కులం కూడా నడిచొచ్చింది. మాల చర్చి, మాదిగ చర్చి వేరుపడ్డ ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా పోతుంది. మన రాష్ట్రాల్లో వాళ్ళను బీసీ-సీ కింద లెక్కిస్తారు. అందువల్ల సర్టిఫికెట్టులో ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. దీన్ని మోసమనడం తేలిక. నేను మాత్రం మోపిన బరువనే అంటాను.

నాస్తికత్వం నుంచి వచ్చానని స్పష్టంగా చెప్పినవాడు ఇరవయ్యో శతాబ్దంలో భక్త్ సింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో చేతికొచ్చిన బైబిలు కాగితాలు చింపేసి, బాగుందని తోలు అట్ట మాత్రం దాచుకున్నాడు. ఇంజినీరింగు చదవడానికి లండన్ వెళ్ళాక ఉన్న నమ్మకమూ పోయింది. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక కొత్త నిబంధన దొరికితే ఈసారి చదివాడు. 1933లో తిరిగొచ్చి చివరికి హైదరాబాదు హెబ్రోనులో స్థిరపడ్డాడు. అక్కడి పెద్ద కూటాలకు వేలమంది తెలుగువాళ్ళు చాపలు చుట్టుకుని వచ్చేవారు. 2000లో పోయాడు.

అదే కాలంలో, అదే తెలుగునేల మీద, గోరా దేవుడు లేడన్న మాట మీద నిలబడి ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, తర్వాత దాన్ని విజయవాడకు మార్చాడు. క్రైస్తవుడైన కవి జాషువా కూతురు హేమలత గోరా కోడలైంది. నేరస్థ జాతులని ముద్రవేసినవాళ్ళ కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో తర్వాతి కాలంలో సంస్కరణకు పూనుకున్నది ఆమె, ఆమె భర్త లవణం. కాబట్టి అవిశ్వాసి అనగానే కుమిలిపోతున్న మనిషిని బొమ్మగీయడం మన సభలు మానుకోవాలి. గోరా కుమిలిపోలేదు. విశ్వాసుల్లో కుమిలినవాళ్ళూ తక్కువేం కాదు. కలకత్తా మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయ్యాక, ఆమె దశాబ్దాల పాటు దేవుని సన్నిధి తెలియని చీకట్లో పనిచేసిందని లోకానికి తెలిసింది. ఆ ఉత్తరాలు చదివి ఆమెది బూటకపు విశ్వాసం అన్నవాళ్ళు లూథర్నీ వెస్లీనీ చదవనివాళ్ళే.

గుండ్లకమ్మలో దిగిన ఆ 2,222 మందిలో చాలామందికి అక్షరం రాదు, తమ కథ తాము రాసుకోలేదు. మిషనరీల పుస్తకాల్లో కనబడేది వాళ్ళ ముందు సగం. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, మెదక్ ఊళ్ళలో ముత్తాతల కాలపు మాటలు గుర్తున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, దయచేసి కూర్చోబెట్టి చెప్పించుకోండి, రాసిపెట్టుకోండి. బాప్తిస్మం నాటి సంగతితో ఆపకండి. ఆ తర్వాత వచ్చిన ఆదివారాలు ఎలా గడిచాయో అడగండి.