1991 ఎండాకాలం

మన బ్యాచ్‌లో ఇంజనీరింగ్ పూర్తిచేసిన కొందరం 1991 వేసవంతా బెజవాడలో ఉద్యోగాల కోసం తిరిగాం. సర్టిఫికెట్ల నకళ్లపై సంతకానికి గెజిటెడ్ ఆఫీసరును పొద్దున్నే ఇంటి దగ్గరే పట్టుకోవాలి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, పోస్టాఫీసు క్యూలు తెమిలేసరికి మిట్టమధ్యాహ్నం. జేబులో పోస్టల్ ఆర్డరు చెమటకు తడిసేది. ఒకటి పాడైతే వారం రోజులు టీ బంద్! చల్లబడ్డాక లైబ్రరీలో ‘ఎంప్లాయ్‌మెంట్ న్యూస్’ చుట్టూ ఆరుగురం మూగేవాళ్లం.

హైదరాబాదులో ఇంటర్వ్యూ అని చార్జీలకు, బూట్లకు అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. మే 21 రాత్రి రాజీవ్ గాంధీ హత్య. బస్సులు ఆగిపోయాయి. ఇంటర్వ్యూ వాయిదా అని కార్డు వచ్చింది, మళ్లీ పిలుపు లేదు. అప్లికేషన్లో ఏం తప్పు రాశానా అని నిద్రపట్టేది కాదు.

దేశం దగ్గరే డాలర్లు లేవని తర్వాత చదివాను. ఆ మే నెలలోనే ప్రభుత్వం 20 టన్నుల బంగారం విదేశానికి అమ్మింది. జులైలో మరో 47 టన్నులు ఇంగ్లండులో తాకట్టు పెట్టారు. దిగుమతులు బిగించడంతో విడిభాగాలు దొరకని ఫ్యాక్టరీలు కొత్తవాళ్లను ఏం తీసుకుంటాయి?

ప్రభుత్వం ఆ అప్పు ఏడాది తిరక్కుండానే తీర్చింది. అమ్మ గాజులు ఇంటికి రావడానికి రెండేళ్లు పట్టింది.