ఆస్పత్రిలో కరెంటు ఆదా: బిల్లు తగ్గించడానికేనా?

హైదరాబాద్‌లో ఉంటున్న మీకు కరెంటు పోతే వైఫై ఆగుతుంది, లిఫ్ట్ ఆగుతుంది. మీ అమ్మానాన్నలు ఉండే నడిగూడెం లాంటి మండల కేంద్రంలో గాలివానకు లైను తెగితే? అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు, ప్రసవ గది బ్యాకప్ మీదే ఆధారపడాలి.

టీకాల సంగతి కొంత నయం. వాటిని ఉంచే ఐఎల్ఆర్ ఫ్రిజ్‌లో చుట్టూ ఐస్ పొర ఉంటుంది. రోజుకు 8 గంటలు కరెంటు అందినా, మూత ఊరికే తెరవకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలబెడుతుంది. అసలు ఇబ్బంది లైట్లు, ఫ్యాన్లది. అవన్నీ ఇన్వర్టర్ మీదే నడవాలి.

ఒక చిన్న లెక్క చూడండి. 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉన్నాయనుకుందాం. కాగితం మీద 3.6 యూనిట్లు, నిజంగా వాడుకోగలిగేది సుమారు 2.5 యూనిట్లు. పాత రకం ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు, చోక్‌తో కలిపి పాత ట్యూబ్‌లైట్ 50 వాట్లు తీసుకుంటాయి. పదేసి నడిపితే 1,250 వాట్లు, అంటే రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్ఈడీలు పెడితే లోడు 500 వాట్లే. అవే బ్యాటరీలు ఐదు గంటలు వస్తాయి. అర్ధరాత్రి కాన్పుకు వచ్చిన కుటుంబానికి ఆ మూడు గంటల తేడా చాలా పెద్దది.

ప్రపంచ కర్బన ఉద్గారాల్లో 4.4 శాతం వైద్య రంగానిదేనని 'హెల్త్ కేర్ వితౌట్ హార్మ్' సంస్థ 2019లో లెక్కగట్టింది. నిజం చెప్పాలంటే, అందులో మండల ఆస్పత్రి వాటా సోదిలోకి రానంత. ఏసీలు ఎక్కువగా వాడే పెద్ద ఆస్పత్రుల్లోనే ఆదాకు చోటెక్కువ. ఏసీని ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెబుతోంది. అయితే ఆపరేషన్ థియేటర్‌లో ఈ పొదుపు పనికిరాదు, అక్కడ 21 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండాలి. ప్రసవ గదిలో మాత్రం వ్యవహారం తలకిందులు. 25 డిగ్రీల కన్నా చల్లబడితే అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి వేడి పడిపోతుంది. అక్కడ ఏసీ 18లో పెట్టడం దుబారా మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

సోలార్ పెడితే సరిపోదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, బిల్లు తగ్గుతుంది. కానీ బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. కాబట్టి ఆస్పత్రికి బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ వ్యవస్థే కావాలి. ఇంకో మాట, పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, ఆస్పత్రులకు వర్తించదు.

మీ ఊరి ఆస్పత్రి పరిస్థితి తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఏడాది కరెంటు బిల్లులు, ఇన్వర్టర్ సామర్థ్యం, బ్యాటరీలు చివరిసారి మార్చిన తేదీ అడగండి. మండల స్థాయి కార్యాలయాలకు ఫీజు 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.