లోకనాయకుల యపశబ్దములు: దిద్దుట న్యాయమా, రంధ్రాన్వేషణమా?

ప్రజాప్రతినిధులును, మంత్రులును, సభాధ్యక్షులును బలుకు మాటలలోని వ్యాకరణదోషములను వెదకి చూపుట పండితధర్మమా, లేక వ్యర్థమైన రంధ్రాన్వేషణమా యను వివాదము తఱచుగా వినబడుచున్నది. భాషను రక్షింపవలసినవారు మౌనము వహించినచో నపశబ్దమే శబ్దమై కూర్చుండు నని యొక పక్షము. భావము తెలిసినపిమ్మట ప్రత్యయమును బట్టుకొని పీకులాడుట యేల యని వేఱొక పక్షము. రెండింటను గొంత సత్యము గలదు. ఏది యెంతవఱకు సత్యమో కేవలతర్కముచే దేలదు. ఇట్టి దిద్దుబాటులు పూర్వ మెవరిచే నేల చేయబడెనో, వాని ఫల మేమయ్యెనో చూచిన గాని తీర్పు చెప్పుట సాధ్యము గాదు. కావున మొదట నిదర్శనములను బరిశీలింతము.

సోమదేవభట్టు పదునొకండవ శతాబ్దమున రచించిన కథాసరిత్సాగరమున సాతవాహనరాజు వృత్తాంతము గలదు. ఇది కథయే కాని శాసనసిద్ధమైన చరిత్ర గాదు. ఐనను అధికారములో నున్నవాని భాషాదోషమును బట్టుకొనుటవలన నేమి జరుగునో చెప్పు కథలలో నింతకంటె బ్రసిద్ధమైనది లేదు. జలక్రీడయందు రాణి తనపై నీరు చల్లవల దని సంస్కృతమున బలికెను. ‘మా’, ‘ఉదకైః’ అను రెండుపదములు సంధిచే ‘మోదకైః’ అయ్యెను. సంధి నెఱుగని రాజు మోదకములను దెప్పించెను. రాణి నవ్వెను, పరిజనులును నవ్విరి. రాజు సిగ్గుపడి రాచకార్యములు మాని మౌనము వహించెను. గుణాఢ్యుడు వ్యాకరణము నాఱేండ్లలో నేర్పెద ననగా శర్వవర్మ యాఱు నెలలలో నేర్పెద ననెను. అట్లు జరిగినచో సంస్కృతమును, బ్రాకృతమును, దేశభాషను విడిచెద నని గుణాఢ్యుడు పంతము పట్టెను. శర్వవర్మయే నెగ్గెను. కాతంత్రవ్యాకరణ మట్లు పుట్టిన దని కథ.

ఈ కథను బాఠశాలలలో నింతవఱకే చెప్పుదురు. కాని యసలు నీతి తరువాతిభాగమున నున్నది. మూడుభాషలను విడిచిన గుణాఢ్యుడు పైశాచియందు బృహత్కథను వ్రాసి పంపగా, వ్యాకరణము నేర్చిన యా రాజే, భాష హీనమైన దని దానిని దిరస్కరించెను. గుణాఢ్యు డేడులక్షల గ్రంథములో నాఱులక్షల నగ్నికి నర్పించెను. లక్ష మాత్రమే మిగిలెను. నవ్వులపాలైనవాడు వ్యాకరణమును నేర్చినాడు. దానితోపాటు నవ్వుటయు నేర్చినాడు. ఒక దిద్దుబాటు కాతంత్రమును గన్నది. ఆ దిద్దుబాటుతో గూడిన యవమానము బృహత్కథను దహించినది. దిద్దుబాటు వేఱు, అవహేళనము వేఱు అనుట కింతకంటె నిదర్శన మేల?

వ్యాకరణశాస్త్రమునకే మూలస్తంభమైన మహాభాష్యమునందును బతంజలి యీ ప్రశ్నను స్పృశించెను. ‘అజ’ధాతువునకు ‘వీ’ యాదేశమును జెప్పు సూత్రముకడ నొక వైయాకరణునికిని, ఒక రథసారథికిని జరిగిన సంభాషణమును జెప్పుచున్నాడు. రథము తోలువా డెవ డని యడుగుచు వైయాకరణుడు ‘ప్రవేతా’ అను శబ్దమును వాడెను. సారథి ‘ప్రాజితా’ అను శబ్దముతో బదులిచ్చెను. అది యపశబ్ద మని వైయాకరణు డనగా, సూత్రము తెచ్చు రూపమును నీ వెఱుగుదువు గాని లోకమున కిష్టమైన రూపము నెఱుగ వను నర్థము వచ్చునట్లు సారథి ప్రత్యుత్తర మిచ్చెను. వైయాకరణుడు కోపించి సారథిని నిందింపబోయి తానే యొక దుష్టరూపమును బలికెను. దానిని సారథి దిద్దెను. వ్యాకరణభాష్యకారుడే వైయాకరణుని నోడించి సారథిని గెలిపించిన యీ ఘట్టమును మనము మఱవరాదు.

అంతమాత్రముచే బతంజలి యపశబ్దమును సమర్థించె ననరాదు. పస్పశాహ్నికమున యర్వాణస్తర్వాణు లను ఋషులను బేర్కొనెను. వారు వాడుకలోని యొక వికృతోచ్చారణముచేతనే యాపేరు పొందిరి. కాని యజ్ఞకర్మయందు మాత్ర మట్లు పలుకరైరి. అసురులు యజ్ఞమునందే యపశబ్దమును బలికి పరాభూతులైరి. అనగా దోషగౌరవము పదమునందు మాత్రమే లేదు. పలికిన స్థానమునందును గలదు. యజ్ఞమున దోషమైనది ముంగిట దోషము గాకపోవచ్చును. ఈ వివేకమే మన వివాదమునకు దాళపుచెవి.

పై రెండును గ్రంథస్థములు. మూడవ నిదర్శనము మా పాతపట్నమునకు మిక్కిలి చేరువనున్న పర్లాకిమిడిలో బుట్టినది. మహేంద్రతనయ రెండూళ్ళ చెంతను బాఱుచున్నది. 1936 ఏప్రిలు 1వ తేదిని ఒరిస్సారాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందు జేరిన దాక రెండును మద్రాసు రాజధానిలోనివే. అచ్చటి రాజావారి పాఠశాలయందు 1880లో గిడుగు వేంకట రామమూర్తి యుపాధ్యాయుడుగా జేరెను. ఆయన 1863 ఆగస్టు 29వ తేదిని శ్రీకాకుళప్రాంతమున బర్వతాలపేటలో జన్మించెను. సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును (1931), నిఘంటువును (1938) సమకూర్చెను. మాటాడువాని నోటిలో భాషను వెదకుట యాయన కట్లలవడినది.

పాఠశాలలలో దెలుగు వచనము నేభాషలో వ్రాయవలె నను వివాదము 1911 మొదలు తీవ్రమయ్యెను. ఆ యేడు స్థాపింపబడిన ఆంధ్రసాహిత్యపరిషత్తున జయంతి రామయ్య పంతులు గ్రాంథికపక్షమునకు నాయకుడు. 1913లో నుభయపక్షములవారును దమ వాదములను బ్రకటించిరి. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయమునకు దన యసమ్మతిపత్రమును సమర్పించెను. 1919లో వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజము కందుకూరి వీరేశలింగముగారి యధ్యక్షతన వెలసెను. ఈ చరిత్ర పాఠకు లెఱిగినదే. మన ప్రశ్నకు గావలసినది రామమూర్తి పంతులు పట్టిన యొక యాయుధము. గ్రాంథికమే వ్రాయవలె నని శాసించు పండితుల గ్రంథములను దీసి, వారు ప్రమాణముగా నంగీకరించిన వ్యాకరణముచేతనే వారి వాక్యములలోని దోషములను వరుసగా జూపెను. 1933 నాటి ‘ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము’ అట్టిది. భాషకు వైద్యము చేయు పండితులకే యౌషధ మని యాపేరి భావము.

ఇది రంధ్రాన్వేషణము కాదా? కాదనియే నా యభిప్రాయము. మొదట, ఆయన దిద్దినది నియమమును విధించినవారినే కాని, విధింపబడినవారిని గాదు. తప్పు వ్రాసినచో విద్యార్థి పరీక్షయందు దప్పునని శాసించినవారు తామే తప్పు వ్రాయుచున్నా రనుట వాదమునకు ముఖ్యాంగము. రెండవది, ఆయన వారిని మూఢు లనలేదు. పండితులు సైతము తప్పక వ్రాయలేని భాషను బాలుర కెట్లు విధింతు మని యడిగెను. మూడవది, అదే యేట గద్యచింతామణియందు బూర్వవచనములను బ్రోగుచేసి, తా ననుసరింపు మనుదాని కాధారమును జూపెను. ఖండించుటతోనే చేతులు దులుపుకొనలేదు.

గ్రాంథికపక్షమున కిచ్చట నొక సమాధానము గలదు. దానిని దాచుట న్యాయము గాదు. దొంగ లున్నంతమాత్రమున దండనీతి యబద్ధము గానట్లే, వ్రాయువారు తప్పినంతమాత్రమున లక్షణము చెడ దని వా రనవచ్చును. ఈ మాట నిజమే. పలు సీమలను, పలు తరములను గూర్చునది లిఖితభాషయే యను వారి వాదమునకును బలము గలదు. నేను వ్రాయుచున్న యీ భాషయే దానికి సాక్షి. కాని యా సమాధానము లక్షణమును రక్షించును గాని, తాను దప్పుచు నొరులను దండించువానిని రక్షింపదు.

ఈ నిదర్శనములను బట్టి నేటి దిద్దుబాటులను బరీక్షింతము. సభలలో ‘ప్రాధాన్యత’, ‘ప్రాముఖ్యత’ యను రూపములు నిత్యము వినబడును. ష్యఞ్‌ప్రత్యయముచే భావార్థము సిద్ధించినపిమ్మట దల్‌ప్రత్యయమును జేర్చుట పునరుక్తి. ‘ప్రాధాన్యము’, ‘ప్రాముఖ్యము’ అనిన జాలును. న్యాయస్థానముల తీర్పులను జెప్పునప్పుడు ‘నిర్దోషి’ యందురు. బహుబ్రీహిచేతనే యర్థము వచ్చుటచే ‘నిర్దోషుడు’ అనుట శాస్త్రీయము. కాని ‘నిర్దోషి’ యని విడువబడినవాడు మఱల జెఱసాలకు బోడు గదా! ఇట్టివానిని దరగతిలో జెప్పవలెను, వ్రాతప్రతిలో దిద్దవలెను, సభలో నడ్డుతగులరాదు.

ప్రమాణస్వీకారమున ‘అంతఃకరణశుద్ధితో’ అనవలసినచోట విసర్గము జాఱి ‘అంతకరణ’ మైనచో, సంస్కృతమున నది అంతమొందించుట యను నర్థము నిచ్చును. పండితునకు నవ్వు వచ్చుట సహజము. కాని ప్రతిజ్ఞ చెడినదా? వినువా డెవడును అట్లు గ్రహింపడు. అదే ప్రతిజ్ఞలో ‘పక్షపాతము గాని’ యను మాటను విడిచినచో వ్యాకరణదోష మొక్కటియు లేదు. ఐనను అది దిద్దవలసిన దోషము. యజ్ఞమున దప్పు తప్పే యను న్యాయ మిచ్చట వర్తించును: నాయకుని ప్రతిజ్ఞలో జూడవలసినది విసర్గముకంటె మున్ను, ఆయన యే బాధ్యతకు గట్టుబడుచున్నాడో యనునది.

ఇక మూడవ తెగ దోషము లనబడునవి దోషములే కావు. మా ప్రాంతపు ప్రతినిధి సభలో ‘ఏటి’ యనగానే నవ్వువా రున్నారు. ‘ఏమిటి’ యనవలె నందురు. కాని లక్షణమును దీసి చూడుడు. ‘ఏమి’ ప్రథమారూపము, ‘ఏమిటి’ యౌపవిభక్తికముతో గూడిన రూపము, ద్వితీయాదులకు జెల్లునది. దానిని బ్రథమగా వాడుటయు వ్యవహారమే కాని సూత్రము గాదు. ఎందులకు అను నర్థమున ‘ఏటికి’ యనుట పూర్వకవుల ప్రయోగములందు సుప్రసిద్ధము. ‘ఏటి’ దానికి దోబుట్టువు. నవ్వువాని రూపమును, నవ్వబడినవాని రూపమును వ్యాకరణమునెదుట సమానస్థానమున నున్నవి. భేద మెల్ల మాటాడినవాని యూరిలోనే. లక్షణవిరుద్ధమును గ్రామ్య మన్న చిన్నయసూరియే, ఆర్యవ్యవహారమున గనబడినదానిని గ్రాహ్య మనెను. 1858 నాటి బాలవ్యాకరణమున నున్న యీ ద్వారమును మూయుటకు మనకు హక్కు లేదు.

అపశబ్దమే శబ్దమగు నను భయమునకు సమాధాన మేమి? నాయకుల మాటలను జను లనుకరింతు రనుట నిజమే. అందుచే రూపమును దిద్దుడు; పేరును విడువుడు. శాస్త్రముననే యిందుకు మార్గము గలదు. పాణిని చెప్పినదానిని, చెప్పనిదానిని, సరిగా జెప్పనిదానిని గాత్యాయనుడు వార్తికములలో విచారించెను; ఎచ్చటను నవ్వలేదు. చట్టములయందును, బాఠ్యపుస్తకములయందును, శిలాఫలకములయందును నున్న తప్పును ఎంత గట్టిగ దిద్దినను దగును. అవి పలువురను శాసించును, లేదా పలువురకు నాదర్శ మగును. భాషాపాండిత్యమును బ్రకటించుకొని యితరుల నధిక్షేపించు నాయకునికిని భాషాభేషజ మర్హమే.

పాఠశాలాపండితుల కొక్కమాట. సరిహద్దునం దున్న మా పల్లెలలో నింట సవరయో యొడియయో మాటాడు బాలురు తెలుగుతరగతిలో గూర్చుందురు. వారిలో నెవ డేనాడు ప్రజలపక్షమున లేచి మాటాడవలసియుండునో మన మెఱుగము. వారి వ్రాతపుస్తకములలో నెఱ్ఱసిరాతో దిద్దవలసినదానిని దిద్దుడు; అది మన వృత్తి. కాని వారు లేచి మాటాడునపుడు మొదట వినుడు. సాతవాహనుని సభలో మౌనము వహించినవాడు రాజు గనుక నాఱునెలలలో నేర్పు గురువు దొరకెను. మన తరగతిలో మౌనము వహించిన బాలునికి శర్వవర్మ యెచ్చట దొరకును?