పసిబిడ్డ చెప్పు సాక్ష్యము

నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లి పసుపు పంటకు పేరుగన్న సీమ. ఈ జిల్లా పల్లెలకు ఎడముగా లంబాడీల తండాలు కలవు. 1976 నాటి చట్టముతో తెలంగాణపు లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. అట్టి తండాలో ఒక చిన్న ఇంటిని ఊహింతము. తాత, తల్లిదండ్రులు, పిల్లలు ఒక్క గదిలోనే నిద్రింతురు. తాతకు నెలల తరబడి దగ్గు. ముసలితనమనియు, బీడీపొగ యనియు ఇంటివారు సరిపెట్టుకొందురు. ఆ దగ్గు క్షయ వలననైనచో ప్రక్కన పరుండిన మనుమరాలి గతి యేమి? ఈ ప్రశ్నకు శాస్త్రము సమాధానము కనుగొన్న చరిత్ర ఆలకింపదగినది.

1882 మార్చి 24వ తేదీన బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ క్షయక్రిమిని లోకమునకు ప్రకటించెను. 1907లో వియన్నా వైద్యుడు పిర్కే చర్మపరీక్షచే, ఆరోగ్యముగా ఆడుకొను పిల్లలలో సైతము ఆ క్రిమి దాగియుండునని చూపెను. చిన్నపిల్లల కఫములో క్రిములు స్వల్పము. వారివలన ఇతరులకు సోకుట అరుదు. కనుక బిడ్డకు సోకినదన్న, సమీపమున రోగియగు పెద్ద యెవరో ఉన్నారనుటకు అది సాక్ష్యము.

మన తెలుగునాట, రాయలసీమలోని మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయచికిత్సకు ప్రసిద్ధి చెందినది. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమాట్-మోలర్ అచ్చట సేవచేసెను. 1948లో మనదేశమున బి.సి.జి. టీకాలు తొలుత ఆరంభమైన తావులలో అదియొకటి. కాని మందులు రాకపూర్వము చికిత్స యనగా మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము. కూలి మానిన పూట పొయ్యి రాజుకొనని తండావాసికి నెలల విశ్రాంతి యెట్లు లభించును?

దీనికి మార్గము మద్రాసున దొరికెను. అచ్చటి చికిత్సా కేంద్రము పేదరోగులలో కొందరికి శానిటోరియములోను, కొందరికి ఇంటివద్దను అవే మందులిచ్చి పోల్చెను. ఇంటిచికిత్స తీసిపోలేదని 1959లో తేలినది. ఇంట ఉండి మందులు వాడిన రోగులవలన కుటుంబమునకు అదనపు ప్రమాదము కలుగలేదనియు వెల్లడియైనది. పిల్లలకు ముఖ్యముగా కీడుచేసినవి చికిత్స జరిగిన నెలలు కావు, చికిత్సకు ముందు గడచిన నెలలు.

టీకా యొక్కటే చాలదని చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఆరంభమైన మహాపరీక్ష తేల్చినది. బి.సి.జి. పెద్దల ఊపిరితిత్తుల క్షయను నివారింపలేదు. పసివారిని మాత్రము మెదడుపొరల క్షయవంటి ఘోరరూపములనుండి కాపాడును. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు.

ఈ చరిత్ర మనకు నేర్పునది స్పష్టము. తండాలో బిడ్డకు క్షయ సోకినపుడు బిడ్డకు వైద్యము చేయించుటతో పని ముగియదు. దగ్గుచున్న పెద్దను వెదకవలెను. పెద్దకు వ్యాధి తేలినపుడు ఇంటిలోని పసివారిని పరీక్షించి, అవసరమగు నివారణౌషధము నీయవలెను. కూలికై వలసపోవు కుటుంబమునకు మందులు వెంట నందవలెను. రెండు వారములు మించిన దగ్గును ముసలితనమని త్రోసిపుచ్చరాదు. తాత కఫము నేడు పరీక్షకు పోయిన, మనుమరాలు రేపు రోగి కాకుండుటకు అవకాశము కలుగును.