డిజిటల్ సంతకం: టోకెన్, పిన్ వేరేవాళ్ల చేతికిస్తే బాధ్యత ఎవరిది?

టెండర్ వేయాలన్నా, కంపెనీ లెక్కలు ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలన్నా ఇప్పుడు పెన్నుతో పనిలేదు. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న యూఎస్‌బీ టోకెన్ పెట్టి పిన్ కొడితే చాలు, సంతకం పడిపోతుంది. అయితే కొందరు వ్యాపారులు ఆ టోకెన్‌ను, పిన్‌ను ఆడిటర్ ఆఫీసులోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో వదిలేస్తుంటారు. అలా చేయడమంటే ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చినట్టే.

ఎలా పనిచేస్తుంది?

ప్రతి డిజిటల్ సంతకం వెనుక రెండు కీలు ఉంటాయి. ప్రైవేట్ కీ టోకెన్ లోపలే ఉంటుంది, బయటకు రాదు. పబ్లిక్ కీ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. పబ్లిక్ కీ తెలిసినంత మాత్రాన ప్రైవేట్ కీని లెక్కగట్టడం ఇప్పటి కంప్యూటర్లకు సాధ్యం కాదు. ఈ ఆలోచనను 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రచురించారు. మరుసటి ఏడాదే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి వచ్చింది.

సంతకం చేసేటప్పుడు ముందుగా ఫైల్ మొత్తం నుంచి ‘హ్యాష్’ అనే సంఖ్య తయారవుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఫైల్ ఒక పేజీ అయినా, వెయ్యి పేజీలైనా హ్యాష్ 256 బిట్లే. దాని మీద ప్రైవేట్ కీతో సంతకం పడుతుంది. తర్వాత ఎవరైనా టెండర్‌లో రూ.10 లక్షలను రూ.11 లక్షలుగా మారిస్తే హ్యాష్ మారిపోతుంది. పబ్లిక్ కీతో చెక్ చేయగానే దొరికిపోతుంది.

ఆ కీ మీదేనని ఎవరు చెబుతారు?

సర్టిఫైయింగ్ అథారిటీలు చెబుతాయి. పత్రాలు పరిశీలించి, ఈ పబ్లిక్ కీ ఫలానా వ్యక్తిదని సర్టిఫికెట్ ఇస్తాయి. వీటికి లైసెన్స్ ఇచ్చేది కేంద్రం నియమించిన కంట్రోలర్, సీసీఏ. ఐటీ చట్టం-2000 ఈ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. వీలునామాకు మాత్రం ఇది చెల్లదు.

అసలు చిక్కు ఇక్కడే

సంతకం ఏ కీతో పడిందో కంప్యూటర్ కచ్చితంగా చెబుతుంది. టోకెన్ పెట్టిన చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పలేదు. అందుకే కీని జాగ్రత్తగా చూసుకునే బాధ్యతను చట్టంలోని 42వ సెక్షన్ సర్టిఫికెట్ యజమాని మీదే పెట్టింది. కీ పరాయి చేతిలో పడిందని సర్టిఫైయింగ్ అథారిటీకి తెలియజేసే వరకు బాధ్యత యజమానిదే. వేరేవాళ్ల ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా ఉంటుంది. కానీ మోసం జరిగిందని తేలేలోపు తిప్పలు పడేది టోకెన్ ఓనరే.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* టోకెన్‌తో వచ్చిన డీఫాల్ట్ పిన్‌ను వెంటనే మార్చుకోవాలి. టోకెన్ మీద రాసి పెట్టకూడదు.
* పని ఆడిటర్ చేసినా, ఫైల్ చదివి పిన్ మీరే కొట్టాలి.
* టోకెన్ పోతే, కొత్తదాని కంటే ముందు పాత సర్టిఫికెట్ రద్దుకు దరఖాస్తు చేయాలి.
* ఆధార్ ఈ-సైన్‌లో టోకెన్ ఉండదు, ఓటీపీతోనే సంతకం పడుతుంది. కాబట్టి ఓటీపీ చెప్పడమంటే సంతకం ఇచ్చేయడమే.
* మీ-సేవ సర్టిఫికెట్ల మీద కూడా అధికారుల డిజిటల్ సంతకమే ఉంటుంది. పీడీఎఫ్‌లో సంతకం పక్కన ప్రశ్న గుర్తు కనిపిస్తే అది నకిలీ అని కాదు, ఇంకా వెరిఫై కాలేదని అర్థం.