విప్పితేనే తెలిసే చరిత్ర

ఎట్టయాపురంలో మన ఇళ్ళల్లో జమీను కథలు చాలానే చెప్పుకుంటారు. షెడ్డులో పడున్న తాతగారి పంపు ఇంజను కథ మాత్రం ఎవరూ చెప్పరు. దాని వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, అందుకే హెడ్డు పలకలా చదునుగా ఉంటుంది. ఇలాంటివాటినే ఫ్లాట్‌హెడ్ అంటారు.

ఈ రకానికి పేరు తెచ్చింది 1932 నాటి ఫోర్డు వి-8. సామాన్యులు కొనగల కారులో 65 గుర్రాల శక్తి! కాలిన పొగ బ్లాకు లోపలి దారుల్లోంచే బయటికి పోవాలి కాబట్టి తొందరగా వేడెక్కేది. అందుకే బాగుచేసేవాళ్ళు ముందు నీటి దారుల్లో తుప్పు కడిగి, వాల్వు సీటుకీ సిలిండరుకీ మధ్య పగుళ్ళు వెతుకుతారు. అమెరికా కుర్రాళ్ళు దానికే అల్యూమినియం హెడ్లు, రెండు మూడు కార్బురేటర్లు బిగించి హాట్ రాడ్లు చేసుకున్నారు.

మనవాళ్ళలోనూ అలాంటి చేతులున్నాయి. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగింట్లో పుట్టిన జి.డి. నాయుడుగారు హోటల్లో సర్వరుగా కూడబెట్టిన డబ్బుతో ఒక దొర మోటారు సైకిల్ కొని, మొత్తం విప్పి మళ్ళీ బిగించారు. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య బస్సు నడిపారు.

మా ఇంట్లో ఇప్పుడు ఇంజనును పాత ఇనుముకి అమ్మేద్దామని కొందరు, ముట్టకుండా దాచుదామని కొందరు. మేమేమో విప్పుదామంటున్నాం. మేము కన్నడంలో చదువుకున్నాం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాం. తప్పులు వెతకడం వచ్చుగానీ ఆ భాగాలకి ఇంట్లో వాడిన పేర్లు రావు. అవి చెప్పగల పెద్దనాన్న ఇంకా ఉన్నారు. ఇనుము ఆగుతుంది, ఆయన వయసు ఆగదు కదా.