పార పట్టిన స్నేహం

1927లో అమెరికా పిల్లలు జపాన్ పిల్లలకు 12,739 బొమ్మలు పంపారు. అంతకు మూడేళ్ల ముందు అమెరికా తెచ్చిన వలస చట్టం జపనీయులకు తలుపులు మూసేసింది. ఆ చేదును కొంతైనా తగ్గించాలని, జపాన్‌లో చాలాకాలం పనిచేసిన సిడ్నీ గ్యూలిక్ అనే క్రైస్తవ మిషనరీ ఈ ఆలోచన చేశాడు. ఒక్కో బొమ్మకూ ఒక పాస్‌పోర్టు, ఒక ఉత్తరం. జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లలు జరుపుకునే బొమ్మల పండుగ కోసం వాటిని ఓడల్లో పంపారు. బదులుగా జపాన్ 58 పెద్ద బొమ్మలను ముస్తాబు చేసి అమెరికాకు పంపింది. తర్వాత యుద్ధం వచ్చింది. ఆ అమెరికన్ బొమ్మల్నే శత్రువులుగా చూసి చాలా స్కూళ్లలో తగలబెట్టారు, పగలగొట్టారు. మనసొప్పని కొందరు దాచిపెట్టబట్టి మూడు వందల చిల్లర మిగిలాయి. ఉన్న కొలువుకే ముప్పు తెచ్చుకుని బొమ్మను అటక మీద దాచిన టీచరు మీద నాకు గౌరవం ఉంది. అయితే పన్నెండు వేలల్లో మూడు వందలే మిగిలాయంటే, కానుకగా పంపిన స్నేహం ఎంత పలచనో తెలుస్తూనే ఉంది.

యువత దేశాల మధ్య స్నేహం కోసం చేసిన ప్రయత్నాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా సభలు, తీర్మానాలు, శుభాకాంక్షల సందేశాల వరుసనే చెబుతారు. నిలిచింది అది కాదని నా అభిప్రాయం. ఆతిథ్యమిచ్చే ఊరికి అవసరమైన పని ఒకటి ఉండి, వచ్చినవాళ్లను వద్దనే హక్కు కూడా ఆ ఊరికి ఉన్న చోటే శాంతి పాఠం ఒంటబట్టింది. ఈ సంగతి 1920 చలికాలంలో ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో, ఒక వైఫల్యం రూపంలో మొదటిసారి బయటపడింది.

పియర్ సెరెజోల్ స్విస్ ఇంజనీరు, 1879లో పుట్టాడు. తండ్రి పాల్ సెరెజోల్ స్విట్జర్లాండ్ అధ్యక్షుడిగా పనిచేసినవాడు. కొడుకు మాత్రం సైనిక పన్ను కట్టనని జైలుకు వెళ్లాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక నెదర్లాండ్స్‌లోని బిల్ట్‌హోవెన్‌లో క్రైస్తవ శాంతివాదులు సమావేశమయ్యారు. 1920 నాటి సమావేశంలో ఒక జర్మన్ ప్రతినిధి లేచి, తన దేశపు సైన్యం ధ్వంసం చేసిన ఉత్తర ఫ్రాన్స్‌లో తిరిగి కట్టే పనికి వస్తానన్నాడు. ఆ మాట సెరెజోల్‌ను పట్టుకుంది. ఆ ఏడాది నవంబరులో వెర్డన్ దగ్గర ఎన్-ఆన్-ఆర్గోన్ అనే పల్లెకు చిన్న బృందాన్ని తీసుకెళ్లాడు. అందులో స్విస్, ఇంగ్లిష్, డచ్ వాళ్లతో పాటు జర్మన్లూ ఉన్నారు. 1916లో వెర్డన్ యుద్ధం ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా సాగింది. రెండు వైపులా కలిపి దాదాపు మూడు లక్షల మంది చనిపోయారు. చుట్టుపక్కల తొమ్మిది పల్లెలను ‘ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చినవి’గా ప్రకటించారు. వాటిలో చాలావరకు మళ్లీ ఊళ్లుగా లేవలేదు. అలాంటి నేల మీద ఈ బృందం శిథిలాలు ఎత్తిపోసింది, ఫిరంగి గుండ్లు పడిన గుంతలు పూడ్చింది, తాత్కాలిక చెక్క గుడిసెలు వేసింది, బాట బాగుచేసింది. సెరెజోల్‌కు అప్పటికే నలభై దాటింది. తర్వాత యువజన శ్రమ శిబిరాల ఉద్యమంగా పేరుపడిన దానికి పునాది వేసింది నడివయసు మనిషి.

ఐదు నెలలకే ఆ పని ఆగిపోయింది. జర్మన్లు అక్కడ ఉండటాన్ని అధికారులు, ఊరివాళ్లలో కొందరు ఒప్పుకోలేదు. కాలం కూడా అలాంటిదే. నష్టపరిహారం గొడవ ముదిరి, 1921 మార్చిలో మిత్రరాజ్యాల సేనలు డ్యూసెల్‌డార్ఫ్‌లోకి దిగాయి. బృందంలోని పది మంది మధ్య స్నేహం గట్టిపడింది కానీ, ఎవరి కోసం వచ్చారో ఆ ఊరు మాత్రం చూస్తూ నిలబడింది. మంచి ఉద్దేశాలతో పుట్టే ఈ తరహా పనుల్లో తరచూ దొర్లే లోపం ఇదే. వచ్చినవాళ్లు తమలో తాము మారిపోయి, అదే శాంతి అనుకుంటారు. 1954లో అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్, వైరి వర్గాల మధ్య పరిచయం ద్వేషాన్ని తగ్గించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికార వ్యవస్థల మద్దతు ఉండాలన్నాడు. తర్వాత అర్ధ శతాబ్దంలో జరిగిన ఐదు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు, ఈ షరతులు తప్పనిసరి కాకపోయినా ఉంటే ఫలితం పెరుగుతుందని తేల్చారు. ఆర్గోన్ పల్లెలో బృందం లోపల మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది లేదు. ఊరికీ బృందానికీ మధ్యనైతే మొదటి మూడు కూడా అంతంతమాత్రమే.

ఈ దెబ్బ తర్వాత సెరెజోల్ దారి మార్చాడు. 1924లో స్విట్జర్లాండ్‌లోని ఓర్మోన్ లోయలో మంచు చరియలు తెచ్చిపడేసిన రాళ్లూ చెట్లూ తొలగించే పనికి పూనుకున్నాడు. ఆ శిబిరాన్ని నడిపింది ఆయన అన్నదమ్ముల్లో ఒకరైన ఎర్నెస్ట్, స్విస్ సైన్యంలో కర్నల్. శాంతివాదుల శిబిరానికి కర్నల్ నాయకుడేమిటని వింతపడనక్కర్లేదు. యుద్ధంలో యువకులు చూపే క్రమశిక్షణను, సాహసాన్ని వేరే పనికి మళ్లించాలని అమెరికన్ తత్వవేత్త విలియమ్ జేమ్స్ 1910లోనే రాశాడు, సెరెజోల్‌దీ అదే ఆలోచన. సైనిక సేవకు బదులుగా పౌరసేవను చట్టం చేయాలని ఆయన, ఆయన సహచరులు కోరారు. స్విస్ పార్లమెంటు తోసిపుచ్చింది. అక్కడ అలాంటి చట్టం అమల్లోకి రావడానికి 1996 దాకా పట్టింది. 1927లో రైన్ నది గట్టు తెగి లీక్టెన్‌స్టైన్ పొలాలు ఇసుక మేటలు వేస్తే, మరుసటి ఏడాది 700 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు అనేక దేశాల నుంచి వచ్చి ఆ మేటలు తవ్విపోశారు. రైతులకు కావలసింది అదే, వచ్చినవాళ్లు చేయగలిగిందీ అదే. ఊరు చూస్తూ నిలబడలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ తొలి శిబిరాల్లో ఆడవాళ్లకు దక్కింది వంట, బట్టలుతుకుడు. దేశాల మధ్య సమానత్వం గురించి అంత ఆలోచించినవాళ్లకు పొయ్యి దగ్గరి అసమానత్వం చాలాకాలం కనబడలేదు.

1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చింది. చనిపోయినవాళ్లు పది వేలు దాటారు. జైలు నుంచి విడుదలైన బాబూ రాజేంద్రప్రసాద్ సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించారు. అంతకు రెండేళ్ల ముందు, 1931 డిసెంబరులో, గాంధీజీ లొజాన్‌లో మాట్లాడినప్పుడు సెరెజోల్ అక్కడున్నాడు. ఇప్పుడాయన ముజఫర్‌పూర్ ప్రాంతానికి వచ్చి, కొద్దిమంది స్విస్, ఇంగ్లిష్ సహచరులతో కలిసి 1937 వరకు విడతలుగా పనిచేశాడు. ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. బిహార్‌లో మట్టి మోయడానికి మనుషులకు కొదవేముంది? యూరప్ నుంచి ఒక మనిషి వచ్చే ఓడ ఖర్చుతో ఎందరు కూలీలకు పని దొరికేది? లెక్కల ప్రకారం ఈ అభ్యంతరం సరైనదే, దాన్ని కాదనలేం. కానీ వలసపాలనలో తెల్లవాడంటే హుకుం ఇచ్చేవాడే. అటువంటి చోట తెల్లవాడు పార పట్టి పనిలోకి దిగడానికి కూలీ రేటుతో విలువ కట్టలేం. పైగా వాళ్లు కాంగ్రెస్ సహాయ సంఘాన్నీ, ప్రభుత్వాన్నీ రెండింటినీ కలుపుకొని పనిచేయాల్సి వచ్చింది. స్థానిక నాయకుల అంగీకారంతో నడిచినంత కాలమే ఆ పని సాగింది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న వేరే ఉంది. ఇన్ని శిబిరాలు పెట్టినా 1939 ఆగలేదు కదా! ఆగలేదు. సెరెజోల్ యుద్ధ కాలంలో సరిహద్దు దాటి జర్మనీలోకి నడిచివెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడాలని చూసి జైలుపాలయ్యాడు. 1945లో చనిపోయాడు. అయితే యుద్ధాలను ఆపే బాధ్యత వాళ్ల మీద పెట్టి, ఆపలేదు కాబట్టి వృథా అనడం సరికాదు. కొన్ని వందల మంది ఇసుక తోడినవాళ్లకు హిట్లర్‌ను ఆపే సాధనం లేదు. యుద్ధం ముగిశాక ఏం చేయాలో చూపించే నమూనా వాళ్లు సిద్ధం చేసి పెట్టారా అన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో వాళ్లు నెగ్గారు.

లోతార్ క్రైసిగ్ జర్మన్ న్యాయమూర్తి. నాజీలు వైద్యం పేరిట మానసిక రోగులను చంపుతుంటే 1940లో దాన్ని హత్యగా ఫిర్యాదు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. 1958లో ప్రొటెస్టంట్ చర్చి మహాసభలో ఆయన ఒక సంస్థను ప్రతిపాదించాడు. పేరులోనే ప్రాయశ్చిత్తం ఉంది: ఆక్ట్సియోన్ జ్యూనెత్సైఖెన్. జర్మన్ల చేతిలో హింస అనుభవించిన దేశాలకు యువకులు వెళ్లి పనిచేయాలి. మేం వస్తున్నామని చెప్పడం కాకుండా, రానివ్వమని ఆ ప్రజలను అడగాలి. ఆర్గోన్ పల్లె దగ్గర తెగిన చోటే ఆయన ముడి వేశాడు. 1959లో నెదర్లాండ్స్‌లోని ఔడోర్ప్‌లో, నార్వేలో తొలి పనులు మొదలయ్యాయి. జర్మన్ బాంబులకు కూలిన కొవెంట్రీ కెథడ్రల్ శిథిలాల్లో జర్మన్ యువకులే కొంత భాగాన్ని బాగుచేశారు. ఫ్రాన్స్‌లోని తెజేలో వాళ్లు కట్టిన చర్చి 1962లో తెరుచుకుంది. ఇజ్రాయెల్‌కు 1961లో మాత్రమే వెళ్లగలిగారు. అంతకు ముందు అడిగినా రమ్మనే స్థితిలో ఆ దేశం లేదు, ఉండాలని కోరే హక్కూ ఎవరికీ లేదు. పోలాండ్‌లో ఆష్విట్జ్ శిబిరం ఉన్న ఓష్వెంచిమ్‌లో అంతర్జాతీయ యువజన కేంద్రం 1986లో గానీ తెరుచుకోలేదు. ఈ ఆలస్యాలన్నిటినీ సంస్థ అసమర్థతగా కాక, ఆతిథ్యమిచ్చేవాళ్ల హక్కుకు దక్కిన గౌరవంగా చదవాలి.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. 1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ ఆడెనావర్ పారిస్‌లోని ఎలిజే భవనంలో ఒప్పందం చేసుకున్నారు. ఆ జులైలో ఫ్రెంచ్-జర్మన్ యువజన కార్యాలయం పుట్టింది. దాని ద్వారా ఇప్పటికి 90 లక్షల మందికి పైగా యువత అటూ ఇటూ వెళ్లివచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పార పట్టినవాళ్లు కారు. బడిపిల్లలు, భాష నేర్చుకునేవాళ్లు, క్రీడాకారులు, అప్రెంటిస్‌లు. సెరెజోల్ శిబిరాలన్నీ కలిపినా ఈ అంకె ముందు ఆనవు. కాబట్టి శ్రమ ఒక్కటే మార్గమని నేను మొండికేస్తే తప్పవుతుంది. కానీ ఈ కార్యక్రమం ఎలా పనిచేసిందో చూడండి. ఫ్రెంచ్ పిల్లవాడు జర్మన్ ఇంట్లో పడుకుంటాడు, ఆ ఇంటి భోజనం తింటాడు. తర్వాత ఆ ఇంటి పిల్లవాడు ఇతని ఇంటికి వస్తాడు. ఆతిథ్యమిచ్చే ఇల్లు ఊరికే చూసే ఇల్లు కాదు, బడితో పాటు తానూ సమ్మతించిన ఇల్లు. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగో షరతు రెండు రాజధానుల నుంచీ నిధులతో సహా వచ్చింది. పార లేకపోయినా పార చేసే పని అక్కడ జరిగింది.

అప్పటికే మంచి మనసున్నవాళ్లే ఇలాంటి వాటికి వస్తారని, మారాల్సినవాళ్లు ఇంట్లోనే ఉంటారని మరో విమర్శ ఉంది. స్వచ్ఛంద శిబిరాల విషయంలో ఇది చాలావరకు నిజం. స్కూలు మార్పిడిలో తరగతి మొత్తం వెళ్తుంది కాబట్టి అక్కడ కొంత తక్కువ. అంతకన్నా నాకు ఎక్కువ ఇబ్బందిగా తోచేది ప్రయాణపు దిశ. ఇవాళ్టి అంతర్జాతీయ శిబిరాలు సాధారణంగా రెండు, మూడు వారాలు నడుస్తాయి. ప్రయాణ ఖర్చు వచ్చేవాళ్లదే. యూరప్ యువతకు అది ఒక వేసవి జీతం, వీసా చిన్న విషయం. మన దగ్గరి డిగ్రీ కుర్రాడికి వీసాకే బ్యాంకు నిల్వ చూపించాలి, టికెట్ ధర ఇంటివాళ్ల నెలల సంపాదన. ఫ్రెంచ్-జర్మన్ కార్యాలయం బడ్జెట్‌ను రెండు ప్రభుత్వాలు చెరి సగం భరిస్తాయి. 1934లో స్విస్ ఇంజనీరు ముజఫర్‌పూర్ వచ్చాడు, కానీ భారత్‌కూ ఏ యూరప్ దేశానికీ మధ్య అంత పెద్ద ఎత్తున అలా సగం సగం ఖర్చుతో నడిచే యువజన కార్యాలయం ఇప్పటికీ లేదు.